రిజిస్టరు చించకు అమ్మలూ

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి లహరికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి అరగంట నీ గురించే చెప్పింది. పెదజాలారిపేట నుంచి పాడేరు దాకా మూడు వేల మంది రక్తం తీసి, జీనోమ్ మొత్తం, అంటే డీఎన్‌ఏలోని అక్షరాలన్నీ, చదివించి (సీక్వెన్సింగ్), జబ్బుల వివరాలతో జతచేసి, నాలుగు దేశాల పరిశోధకులతో పంచుకోబోతున్నావట. ఫోను పెట్టేశాక నీ ప్రపోజల్ వాట్సాప్‌లో పంపింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది. రెండోసారి చదివాక నిద్ర పట్టలేదు.

సీక్వెన్సింగ్ గురించి పద్నాలుగు పేజీలు రాశావు. మనుషుల గురించి అర పేజీ. అందులోనూ "సముదాయ భాగస్వామ్యం చేపట్టబడును" అని ఒక్క వాక్యం. ఎవరు చేపడతారు? ఏ నెలలో? ఏ పద్దు కింద? "బడును" అని రాసిన పని ఏదీ దానంతటది జరగదు. ఫోన్లో చెబితే ఊఁ కొడుతూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ఈ పని ఎందుకు చెయ్యాలో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఎథిక్స్ కమిటీలో ఎవరో ఒకరు "ఉన్న డేటా చాలదా?" అంటారు. జవాబు నోటికి వచ్చేలా ఉంచుకో. జీనోమ్ మొత్తాన్ని జల్లెడపట్టే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లని 2009లో లెక్కపెడితే నూటికి 96 మంది ఐరోపా సంతతి. 2016లో 81. తగ్గిన కాస్తా చాలామటుకు ఆసియా దేశాల్లో జరిగిన అధ్యయనాల చలవే, అందులో మన వాటా చిటికెడు. ప్రపంచమంతా వాడుకునే 1000 జీనోమ్స్ డేటాలో తెలుగువాళ్లకంటూ ఒక గుంపు ఉంది, పేరు ఐటీయూ. 102 మంది, అందరి నమూనాలూ బ్రిటన్‌లో తీసినవే. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్న ఎనిమిది కోట్ల మందికి లండన్ విమానం ఎక్కిన ఇళ్లవాళ్లు ప్రతినిధులన్నమాట. వాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్లన్నా ఇచ్చారు. కానీ తెప్ప మీద బతికేవాళ్లూ, పోడు కొట్టుకునేవాళ్లూ ఎక్కడ?

ఇది అంకెల గొడవే అయితే నాకింత పట్టింపు ఉండేది కాదు. రక్త క్యాన్సరు పిల్లలకిచ్చే 6-మెర్కాప్టోప్యూరిన్, పేగు వాపు జబ్బులకిచ్చే అజాథయోప్రిన్ తెలుసు కదా. మందు మొదలుపెట్టే ముందు టీపీఎంటీ అనే జన్యువు చూడమని పుస్తకాలన్నీ చెప్పాయి, ఎందుకంటే ఐరోపావాళ్లలో తేడా అక్కడుంది. మన దగ్గర ఆ పరీక్ష బాగానే ఉందని వచ్చిన రోగికి కూడా తెల్లకణాలు పడిపోయేవి, జుట్టు కుచ్చులుగా ఊడేది. అసలు తేడా ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువులో ఉందని 2014లో కొరియా రోగుల్ని చూశాక గానీ తేలలేదు. తూర్పు ఆసియాలోనూ మన దగ్గరా ఎక్కువ, ఐరోపాలో అరుదు. అరుదైన చోటే వెతుకుతూ కూర్చుంటే ఎన్నేళ్లకి దొరికేను?

ఇక పనిలోకి వద్దాం.

రక్తం తియ్యడం గురించి ఎక్కువ చెప్పను. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు, తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, కుదపకు. డీఎన్‌ఏకి ఐతే చల్లపెట్టెలో కొన్ని రోజులు ఆగుతుంది. ప్లాస్మా కావాలంటే రెండు గంటల్లో తిప్పించాలి. ముంచంగిపుట్టు నుంచి విశాఖకి ఆ టైములో రాలేవు, కాబట్టి చిన్న సెంట్రిఫ్యూజ్ జీపులో పెట్టుకుపో. ఉమ్మి కిట్లు వాడతానన్నావు. ఇవ్వడానికి ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, చుట్ట, ఖైనీ, కిళ్లీ కూడా ఉండకూడదు. ఆ అరగంట నువ్వే పక్కన కూర్చుని మాట్లాడించాలి, లేకపోతే ఉండదు.

చుట్ట అన్నాను కాబట్టి ఒక మాట. నీ ప్రశ్నావళిలో "మీరు ధూమపానం చేస్తారా?" అని ఉంది. విశాఖ, శ్రీకాకుళం తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లని ఆ ప్రశ్న అడుగు, "లేదమ్మా" అంటారు. అబద్ధం కాదు. సిగరెట్టు తాగే మగవాళ్ల సంగతి అడుగుతున్నావనుకుంటారు. "అడ్డపొగ పెడతావా అప్పా?" అని అడిగి చూడు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటుకి మన దగ్గరున్న పేరు అది. అంగిట్లో వచ్చే క్యాన్సరుకి దానికీ ఉన్న లంకె కనీసం 1950ల నుంచీ వైద్యపత్రికల్లో ఉన్నదే. ఆ ఒక్క మాట అడక్కపోతే నీ డేటాలో పొగతాగని ఆడవాళ్లకి అంగిటి క్యాన్సర్లు కనిపిస్తాయి, నువ్వు జన్యువుల్లో కారణం వెతుక్కుంటూ రెండేళ్లు తిరుగుతావు. ప్రశ్నావళి అనువాదం పుస్తకాల తెలుగు తెలిసినవాళ్లకి ఇవ్వకు. పదిమంది చేత చదివించి, "ఇందులో మిమ్మల్నేం అడిగాం?" అని తిరిగి వాళ్లచేతే చెప్పించు. చెప్పలేకపోతే తప్పు ప్రశ్నది.

షుగరు కొలవడానికి హెచ్‌బీఏ1సీ (ఎర్రకణాలకి అంటుకున్న చక్కెర చూసే పరీక్ష) ఒక్కటే పెట్టుకున్నావు. కోస్తాలో నడుస్తుంది. ఏజెన్సీలో నడవదు. అక్కడ ఎర్రకణాల్ని కొడవలిలా వంచే సికిల్ జన్యువు ఉంది, ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం ఉంది. జీ6పీడీ లోపంలో ఎర్రకణాల ఆయుష్షు తగ్గుతుంది, చక్కెర అంటుకునే వ్యవధి చాలదు, అంకె తక్కువ చూపిస్తుంది. సికిల్ ఉంటే కొన్ని మిషన్లు తప్పు చదువుతాయి. జబ్బున్నవాణ్ని లేదని రాసుకుంటావు. పరగడుపు గ్లూకోజు, 75 గ్రాములు తాగించి రెండు గంటలకి ఇంకోసారి, ఈ రెండూ చేర్చు. జీ6పీడీ ఫలితాన్ని మాత్రం నీ కంప్యూటర్లో దాచుకోకు. మలేరియాకి ప్రిమాక్విన్ 14 రోజులు మింగించేది ఆ ఊళ్లోనే, లోపం ఉన్నవాడికి అది రక్తం విరగ్గొడుతుంది. ప్రెసిషన్ మెడిసిన్ అని పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ, ఏజెన్సీలో దాని మొదటి మెట్టు పీహెచ్‌సీలో చెయ్యాల్సిన ఆ ఒక్క పరీక్షే.

ఎవరిని తీసుకోవాలి అన్నదగ్గర నీతో కాస్త పోట్లాడాలి. ఫారంలో "ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ" అని నాలుగు గళ్లు గీశావు. అవి సర్టిఫికెట్టు గళ్లు. జన్యువులకి ఆ గళ్లు తెలియవు. తరతరాలుగా ఎవరి పిల్లని ఎవరికిచ్చారన్నదే లెక్క. ఆర్యవైశ్యుల సంగతి మన ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్లందరికీ తెలుసు. కొందరికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో రావాల్సిన ఊపిరి గంటలైనా రాదు. మందుని విరగ్గొట్టే ఎంజైము జన్యువు బీసీహెచ్‌ఈలో ఒక్క అక్షరం మార్పు, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి గుంపంతా పాకింది. నీ ఫారం ప్రకారం వాళ్లు "ఓసీ" గడిలో ఇంకా పది కులాలతో కలిసిపోతారు, మార్పు నీళ్లలో ఉప్పులా కరిగిపోతుంది. ఇటు గదబవాళ్లు ఉన్నారు. ఒకే పేరు, కానీ కొందరి భాష గుతోబ్, ముండా కుటుంబానిది. కొందరి భాష ద్రావిడం. "ఎస్టీ" అని రాస్తే ఈ సంగతి ఎక్కడికి పోయినట్టు?

గళ్లు తీసేసి ఖాళీ గీత పెట్టు. మీవాళ్లని మీరేమంటారు, ఇంట్లో ఏ భాష, తాతలిద్దరూ, అమ్మమ్మా నానమ్మా ఏయే ఊళ్ల వాళ్లు, అమ్మానాన్నలకి పెళ్లికి ముందు ఏం వరస. ఈ నాలుగూ చాలు. కులం పేరు మాత్రం బయటికిచ్చే ఫైల్లో పెట్టకు, కోడు పెట్టు. ఫలానా కులంలో ఫలానా జబ్బు అని పేపర్లో హెడ్డింగు వచ్చిందంటే సంబంధాలు చెడతాయి. పెళ్లి చూపుల్లో ఆ మాట ఎవరి చెవిన పడుతుందో నువ్వూ నేనూ చెప్పలేం.

వరస అడగమన్నది ఊరికే కాదు. మనింటి నుంచే మొదలుపెట్టు. మీ అమ్మమ్మ, తాతయ్య మేనత్త మేనమామ బిడ్డలు. అలాంటి జంటకి పుట్టినవాళ్ల జీనోమ్‌లో పదహారో వంతు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మేనమామ మేనకోడలి బిడ్డలైతే ఎనిమిదో వంతు. నీ బయోఇన్ఫర్మాటిక్స్ అబ్బాయి పరాయి దేశపు ప్రోగ్రాం వరస (పైప్‌లైన్) తెచ్చి, అక్షరాల జంటలు అనుకున్న పాళ్లలో ఉన్నాయా అని చూసే హార్డీ–వైన్‌బర్గ్ వడపోత పెడతాడు. జంట అక్షరాలు ఒకేలా ఉన్నవాళ్లు లెక్కకి మించి కనబడగానే "ఇది మిషన్ తప్పు" అని ఆ మార్పునే పారేస్తుంది. నువ్వు వెతుకుతున్నది సరిగ్గా అదే! వడపోత ఏ గుంపుకి ఆ గుంపులో విడిగా నడపమను, వేర్వేరు జంటలు మరీ ఎక్కువైన చోట మాత్రమే పారెయ్యమను. ఇంకోటి, ఒకే వీధిలో క్యాంపు పెట్టి రెండు వందల ట్యూబులు నింపుకుని మురిసిపోకు. బంధుత్వం లెక్క కట్టి రెండో వరస దగ్గరివాళ్లని, అంటే కింగ్ అనే ప్రోగ్రాం ఇచ్చే బంధుత్వపు అంకె 0.0884 దాటినవాళ్లని, జంటకి ఒకరు చొప్పున తీసేస్తే ఎన్ని మిగులుతాయో చూసుకో. ఇంటికొకరు, వీధికి పది పదిహేను మంది. ఊళ్లు పెంచు.

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీలో కూర్చుంటే జనం దొరుకుతారు నిజమే, కోరాపుట్ నుంచీ మల్కన్‌గిరి నుంచీ కూడా వస్తారు. కానీ వాళ్లు జబ్బుతో వచ్చినవాళ్లు, అందులోనూ బస్సు ఛార్జీ పుట్టినవాళ్లు. వాళ్లకి పోలిక కావాలంటే అదే ఊళ్లో బాగున్నవాళ్లు కావాలి. అంటే వెళ్లాలి.

వెళ్లడానికి వేళ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు హార్బర్లో లంగరేసి ఉంటాయి, మగవాళ్లు ఇళ్లదగ్గర దొరుకుతారు. మంచి సమయం అని ఎగిరి గంతెయ్యకు. చేతిలో డబ్బాడని నెలలు కూడా అవే. ఆ రోజుల్లో రక్తానికి వెయ్యి రూపాయలిస్తానంటే కాదనే స్వేచ్ఛ ఎవరికుంటుంది? పోయిన కూలి, రానుపోను ఛార్జీ, ఒక పూట భోజనం. ఎంతో ముందే ఎథిక్స్ కమిటీ చేత రాయించుకో, ఏడాది పొడవునా అదే ఇవ్వు. ఏజెన్సీలో సంతరోజు చెప్పడానికి బాగుంటుంది, రక్తం తియ్యడానికి కాదు. బరువు మోసుకుని ఇంకో రెండు గంటలు నడవాలి వాళ్లు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో పొద్దున్నే వెళ్లకు, ఇటుకల పండగ రోజుల్లో అసలు వెళ్లకు. ఆశా వర్కర్లకి తలకింత అని కమిషన్ పెట్టావంటే నీతో మాట్లాడను. రోజుకింత అని ఇవ్వు, మనిషి వచ్చినా రాకపోయినా. తలకింత అంటే ఆవిడ జనాన్ని తోలుకొస్తుంది, నీకు సంతకాలు వస్తాయి, సమ్మతి రాదు.

సమ్మతి అంటే ఏమిటో 2010లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే దేశానికి చూపించింది. ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు ఆశ్రమ పాఠశాలల గిరిజన ఆడపిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కడిగిపారేసింది. సర్పంచి సరేనంటే నీకు ఊళ్లోకి దారి దొరికినట్టు, అంతే. మనిషి సరేననడం వేరే. చదువురానివాళ్లకి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నీ బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి, వేలిముద్ర ఉండాలి. 2023 డేటా చట్టం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో నోటీసు అడిగే హక్కిచ్చింది. గూడేల్లో మాట్లాడే కువి ఆ 22లో లేదు. ఆదివాసీ ఒడియా లేదు. అక్కడ నువ్వు ఆడియో రికార్డు చెయ్యాలి, వాళ్ల ఊరి మనిషి గొంతుతో, ఐదు నిమిషాలకి మించకుండా.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో ఆ సంగతి. నీ ప్రపోజల్ పదకొండో పేజీలో "ప్రాజెక్టు ముగిసిన తర్వాత గుర్తింపు రిజిస్టరు శాశ్వతంగా నాశనం చేయబడును" అని రాశావు. గోప్యత కోసమని. ఆ వాక్యం నాకు పాత చుట్టం.

కథలా చెప్పను. ఏ కాగితం ఎక్కడ తప్పిందో చెబుతాను.

2000 తర్వాత మొదటి ఏళ్లలో తీరం ఊళ్లలో చక్కెర జబ్బు కోసమని నమూనాలు తీశాం. ఫారం ఒక పేజీ. కింద ఒక్క సంతకం. వేరే జబ్బుకి వాడొచ్చా అన్న ప్రశ్న లేదు, ఏదైనా తేలితే చెప్పమంటారా అన్న ప్రశ్న లేదు. రిజిస్టరు పొడుగు పుస్తకం. ఎడమ పేజీలో పేరు, ఇంటి గుర్తు, తండ్రి పేరు, కుడి పేజీలో ట్యూబు నంబరు. కంప్యూటర్లోకి ఎక్కింది ట్యూబు నంబరు, వయసు, ఆడా మగా, ఊరు, షుగరు అంకెలు. ప్రాజెక్టు అయిపోయింది. రిజిస్టరు ఏం చెయ్యాలన్న ప్రశ్న వస్తే, జనం పేర్లు ఎవరి చేతిలోనూ పడకూడదు, చింపెయ్యాల్సిందేనని వాదించింది నేను. చింపినట్టు రాసిన కాగితం మీద సంతకం కూడా నాదే. నిజాయితీగా చేశాననే అనుకున్నాను.

డీఎన్‌ఏ ట్యూబులు మాత్రం మైనస్ 20లో ఉండిపోయాయి.

2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థవాళ్లు కూడా కలిసి రాసిన పేపర్ వచ్చింది. ఎంవైబీపీసీ3 అనే గుండె కండరం జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియాలో నూటికి నలుగురిలో ఉంది, గుండె కండరం దెబ్బతినే ముప్పు పెంచుతుంది, రెండు కాపీలూ అలాంటివే వచ్చినవాళ్లకి చిన్న వయసులోనే తీవ్రంగా రావచ్చు అని. మా దగ్గర ట్యూబులున్నాయి. పరీక్ష చవక. షుగరు కోసం ఇచ్చిన రక్తం గుండెకి వాడొచ్చా అని అడిగితే, పేర్లు లేవు కాబట్టి మళ్లీ సమ్మతి అక్కర్లేదని మినహాయింపు వచ్చింది. రిజిస్టరు చింపడం ఎంత కలిసొచ్చిందో చూడు. అమెరికాలో హావసుపాయ్ తెగవాళ్లు చక్కెర జబ్బు కోసమని ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రీనియాకీ, వలసల చరిత్రకీ వాడారని కోర్టుకెక్కి, 2010లో రక్తం వెనక్కి తీసుకునే దాకా వదల్లేదు. మేం చేసింది దానికి ఎంత దూరమో ఇప్పటికీ నాకు తెగదు.

25 అక్షరాల తేడా కనబడాలంటే చిక్కటి జెల్ పొయ్యాలి, 3 శాతం అగరోజు, తొందర లేకుండా నడపాలి. మామూలు మనిషికి పైన ఒక గీత. ఒక కాపీ ఉన్నవాళ్లకి పైనా కిందా రెండు గీతలు. అలాంటివాళ్లు అక్కడక్కడ వస్తున్నారు, ఊహించిందే. ఒక వరసలో మాత్రం కింద ఒక్కటే గీత. పైన ఖాళీ. ట్యూబు మారిందేమోనని అసలు నమూనా నుంచి మళ్లీ తీసి నడిపాం. మళ్లీ నడిపాం. అదే.

ఫైలు తెరిస్తే ఆడపిల్ల, రక్తమిచ్చేనాటికి 19 ఏళ్లు, ఊరి పేరు. అంతే. ఊరికెళ్లి వెతుకుదామన్నాను. మళ్లీ కలవడానికి ఆ మనిషి అనుమతి లేదు, ఆ వయసు ఆడపిల్ల ఎవరమ్మా అని వీధి వీధి తిరిగితే ఊరంతటికీ చెప్పినట్టే అన్నారు. నిజమే. ఊళ్లో ఆ ఈడు ఆడవాళ్లందరికీ ఎకో (గుండె స్కాను) తీయిద్దామన్నాను. ఏ పద్దులో? పైగా సగం మంది పెళ్లిళ్లై వేరే ఊళ్లకి వెళ్లిపోయి ఉంటారు. ఏడాదికో ఎకో, ఆయాసం వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక చీటీ, పురిటి ముందు డాక్టరుకి ఒక మాట. ఇంతే కావాల్సింది. మా దగ్గర జబ్బు సంగతి ఉంది, మందు సంగతి ఉంది, చిరునామా లేదు. చింపేశాం కదా.

ఆ పిల్ల వయసు ప్రతి ఏడాదీ నాకు తెలుస్తూనే ఉంటుంది. పేరే తెలీదు.

అందుకని పదకొండో పేజీ కొట్టెయ్. పేరు చెరపడం వేరు, పేరు దాచడం వేరు. పరిశోధకులకి వెళ్లే ఫైల్లో కోడే ఉండాలి. కోడుకీ పేరుకీ లంకె వేరే కంప్యూటర్లో, తాళం వేసి, నెట్‌కి కలపకుండా, నీ బృందంలో లేని ఒక మనిషి చేతిలో ఉండాలి. తెరవాలంటే ఇద్దరి సంతకాలు, ఎందుకు తెరిచారో పుస్తకంలో రాయాలి. ఈ మనిషి జీతం ప్రాజెక్టు మూడేళ్లకి కాదు, పదేళ్లకి అడుగు. ఫోను నంబరు ఒక్కటే నమ్ముకోకు, సిమ్ములు మారతాయి. కదలని చుట్టం ఒకరి పేరు, ఏఎన్ఎం సెంటరు పేరు కూడా రాసుకో.

ఫారంలో ఒక్క సంతకం పెట్టకు. ప్రశ్నకొక అవునూ కాదూ. ఈ అధ్యయనానికి ఇస్తారా? మిగిలింది దాచి వేరే జబ్బులకి వాడొచ్చా? దేశం బయటివాళ్లు చూడొచ్చా? కంపెనీలు వాడొచ్చా? వైద్యం ఉన్న జబ్బేదైనా తేలితే చెప్పమంటారా, చెబితే మీకొక్కరికేనా, ఇంకెవరి ముందైనా చెప్పొచ్చా? ఐదుకి ఐదూ "అవును" అని వరసగా టిక్కులు పడిన ఫారాలు కట్టలు కట్టలుగా వస్తే సంబరపడకు, మీవాళ్లు ఇంటికొచ్చాక నింపారేమో చూడు. కొన్ని కాదులు ఉన్న కట్టే నిజమైన కట్ట. కాదన్నవాళ్ల కాదు ఫైల్లో ఆ మనిషి కోడు పక్కనే ప్రయాణించాలి, లేకపోతే నాలుగో దేశంలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

తిరిగి చెప్పడానికీ పద్ధతుంది. పరిశోధన ఫలితాన్ని నేరుగా మనిషి చేతిలో పెట్టకు, ట్యూబులు తారుమారు అవుతాయి. కొత్త రక్తం తీసి ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో ఖాయం చేసుకుని అప్పుడు చెప్పు. ఏమిటో తేలని మార్పుల్ని చెప్పకు. మనవాళ్లలో అలాంటివే ఎక్కువ వస్తాయి, ఎందుకంటే పోల్చడానికి మనవాళ్ల డేటా లేదు. అమెరికాలో నల్లజాతి కుటుంబాలకి గుండె కండరం జబ్బు మార్పులని చెప్పినవాటిలో కొన్ని, తగినంత మంది నల్లజాతివాళ్లతో పోల్చి చూస్తే ప్రమాదం లేనివని 2016లో తేలింది. లేని జబ్బు చెప్పడం కూడా అన్యాయమే. సికిల్ క్యారియర్ అని తేలిన ఆడపిల్ల కాగితం అత్తగారి చేతిలో పెట్టి రాకు. క్యారియర్ అంటే జబ్బు కాదని, ఇద్దరు క్యారియర్లు కలిస్తేనే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ముప్పని, ఆ పిల్లకీ మొగుడికీ కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి జీతం నీ బడ్జెట్లో వెతికాను. లేదు. సీక్వెన్సింగులో వంద మందిని తగ్గించు, జీతం వస్తుంది. నువ్వు మొహం ముడుచుకుంటావని తెలుసు. తగ్గించు.

డేటా పంచుకోవడం. పంచుకోవద్దని నేననను. తాళమేసి దాచుకున్న డేటా, మా ట్యూబుల్లాగే, ఎవరికీ కాకుండా పోతుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మందిది చదివి ఫరీదాబాద్‌లోని ఐబీడీసీ అనే డేటా కేంద్రంలో పెట్టింది, 2025 జనవరిలో పరిశోధకులకి తెరిచారు. అడిగినవాళ్లు ఎందుకో చెప్పి, ఒప్పందం మీద సంతకం చేసి తీసుకోవాలి. నీదీ అక్కడే పెట్టు, సొంత సర్వర్లు పెట్టుకోకు. విదేశీ భాగస్వాములకి ఫైళ్లు పంపే బదులు వాళ్లనే డేటా దగ్గరికి రమ్మను. అమెరికాలో ఆల్ ఆఫ్ అస్ అనే జీనోమ్ ప్రాజెక్టు వాళ్లు అలాగే చేస్తారు. లోపలికొచ్చి లెక్కలు వేసుకోవచ్చు, మనిషి మనిషి డేటా బయటికి దింపుకోలేరు, 20 మంది, అంతకంటే తక్కువ ఉన్న గడి అంకె బయటపెట్టకూడదు. ఆ ఇరవై నియమం నువ్వూ పెట్టుకో. నలభై గడపల గూడెంలో "52 ఏళ్లు, ఆడ, పోర్జ, సికిల్" అంటే పేరు రాయక్కర్లేదు, నీళ్ల బిందెతో ఎదురొచ్చే మనిషే. ఊరి పేరు తీసి మండలం, మండలం చిన్నదైతే డివిజను. పుట్టిన తేదీ తీసి ఏడాది. మొత్తం మీది సగటు అంకెలు, ఏ మార్పు ఎంతమందిలో ఉందో ఆ పట్టిక, అందరికీ ఉచితంగా పెట్టెయ్. డాక్టర్లకి రోజూ పనికొచ్చేది అదే.

చిన్నవి రెండు. మీరు జీఆర్‌సీహెచ్38 అనే జీనోమ్ పటం మీద, వాళ్లు పాత 37 మీద ఉంటే అక్షరం చిరునామాలు కలవవు, మొదటి రోజే ఒకటి ఖాయం చేసుకోండి. గ్లూకోజు వాళ్లు మిల్లీమోళ్లలో, మీరు మిల్లీగ్రాముల్లో. 18 పెట్టి గుణించడం ఎవరో ఒకరు మర్చిపోతారు. ప్రతి గడి పక్కనా యూనిట్ రాయండి.

విదేశాలతో పనికి ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, నెలలు పడుతుంది, ఇప్పుడే పెట్టు. ఒప్పందంలో రెండు వాక్యాలు నా కోసం రాయించు. మొదటి పేపర్లు రాసే హక్కు కొంతకాలం ఇక్కడి పిల్లలకే ఉండాలి. లెక్కలు నేర్పకుండా ట్యూబులు మాత్రమే అడిగేవాళ్లు భాగస్వాములు కారు. ఇంకోటి, జాలారిపేట నుంచి ఇద్దరు, గూడేల నుంచి నలుగురు, అందులో సగం ఆడవాళ్లు, డేటా ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఉండాలి. టీ తాగి వెళ్లేవాళ్లుగా కాదు, వద్దనే ఓటుతో. ఒక్కసారైనా వాళ్లు వద్దంటే నీకు కోపం వస్తుంది. వచ్చినప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఉద్దానం వైపు వెళ్తే ఏ టీ కొట్టు దగ్గరైనా ఆగి అడుగు, కిడ్నీ జబ్బని రక్తం తీసుకెళ్లినవాళ్లు ఎందరు, రిపోర్టు పట్టుకుని మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు అని. వాళ్లు తిట్టే తిట్లు కాసేపు నిలబడి విను. ఆ తర్వాత నీ కాలపట్టికలో "ఫలితాలు ఊళ్లకి తిరిగి చెప్పుట" అన్న గడి ఏ నెలలో పెట్టాలో నీకే తెలుస్తుంది. ఇప్పుడది 36వ నెలలో ఉంది, డబ్బులన్నీ అయిపోయాక. 12లో ఒకటి, 24లో ఒకటి పెట్టు, చేతిలో ఉన్నంత పట్టుకెళ్లు. ఏమీ లేకపోతే బీపీ, రక్తం శాతం చీటీలైనా సరే.

చాలా తిట్టాను. మీ అమ్మతో చెప్పకు, దానికి నువ్వంటే కాలు నేల మీద ఆగదు. నాకూ అంతే గానీ నేను కనబడనివ్వను.

ఆదివారం రా. సమ్మతి ఫారం తెలుగు ముసాయిదా ప్రింటు తీసుకురా, ఫోన్లో చూపించకు, నాకు కనబడదు. కింద వాటాలో మా పనిమనిషి సింహాచలం ఉంటుంది, ఆవిడకి చదివి వినిపిద్దాం, ఏం అర్థమైందో అడుగుదాం. నెత్తళ్ల పులుసు పెట్టిస్తాను. వచ్చేటప్పుడు ఎర్ర పెన్ను రెండు కొనుక్కురా, నీ ప్రపోజల్ మీద నా దగ్గరున్నది అయిపోయింది.

మీ పెద్దమ్మ